పొదుపుగా బతుకుతూనే అప్పులో పడిన కుటుంబం: ఒక కేసు వివరాలు

నేపథ్యం

ఇంటి ఖర్చుల గురించి సలహా అడగడానికి నా దగ్గరకు వచ్చేవారిలో దుబారా మనుషులు నిజానికి తక్కువే. ఎక్కువమంది ఇప్పటికే చేతనైనంత తగ్గించుకుని, ఇంకేం తగ్గించాలో తెలియక వస్తారు. ఈ కుటుంబమూ అలా వచ్చినదే. పొదుపు గురించి మామూలుగా ఇచ్చే సలహాల్లో చాలావాటిని వీళ్ళు అప్పటికే పాటిస్తున్నారు కాబట్టి, ఏ అలవాటు డబ్బు మిగులుస్తుందో, ఏది కేవలం శ్రమనే మిగులుస్తుందో విడదీసి చూడటానికి ఈ కేసు బాగా ఉపయోగపడింది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను, అంకెలను దగ్గరి సంఖ్యలకు సవరించాను.

హైదరాబాద్ తూర్పు వైపున రెండు పడకగదుల అద్దె ఫ్లాటులో ఐదుగురు ఉంటారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం. భార్య సాయంత్రాలు ఇంట్లోనే ట్యూషన్లు చెబుతారు. బడికి వెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు, భర్త తల్లి ఉన్నారు. జీతం, ట్యూషన్ల రాబడి కలిపి నెలకు 64 వేలు వస్తుండగా, ఖర్చు కార్డు వడ్డీతో కలిపి 68 వేలకు అటూఇటూగా ఉండేది. తెల్ల రేషన్ కార్డు లేదు. పట్టణాల్లో దానికి ఏడాదికి రెండు లక్షల ఆదాయ పరిమితి ఉంది కాబట్టి వచ్చే అవకాశమూ లేదు. అందువల్ల 200 యూనిట్ల ఉచిత విద్యుత్తు, సన్నబియ్యం వంటివి వీళ్ళ లెక్కలోకి రావు.

సమస్య

వాళ్ళు నన్ను కలిసింది వానాకాలం చివర్లో. ప్రతి నెలా ఇరవయ్యో తేదీకల్లా ఖాతా ఖాళీ అవుతోందనీ, చివరి పది రోజులు క్రెడిట్ కార్డు మీద నడుస్తున్నాయనీ, బిల్లు వచ్చినప్పుడు కనీస మొత్తం మాత్రమే కట్టగలుగుతున్నామనీ చెప్పారు. కార్డు మీద బాకీ 48 వేలకు చేరింది. ఇంకా ఎక్కడ కోత పెట్టాలో చెప్పమని భర్త అడిగారు. భార్య అడిగింది వేరు: నెలకు ఐదు వేలు కడుతున్న చిట్టీని ఆపేస్తే గండం గడుస్తుందా అని. అత్తగారు మాత్రం, “ఉప్పు పప్పులకు కూడా అప్పేనా బిడ్డా?” అని ఒక్క మాట అని ఊరుకున్నారు. తర్వాత తేలినదాన్ని బట్టి చూస్తే సమస్యను అందరికంటే సరిగ్గా పట్టుకున్నది ఆవిడే.

నా దగ్గరకు రాకముందు వాళ్ళు చేసినవి

మొదటిది, ఖర్చుల పుస్తకం. ప్రతి రూపాయీ రాయాలని భర్త నియమం పెట్టారు. మూడు వారాలు సజావుగానే సాగి, ఆ తర్వాత గొడవతో ఆగిపోయింది. ఆ పుస్తకం తెప్పించి చూశాను. అందులో భార్య రాసిన పద్దులు పేజీలకు పేజీలు ఉన్నాయి: కొత్తిమీర, పాలు, పెన్సిళ్ళు, ఆటో. భర్త రాసినవి పట్టుమని పది లేవు, ఎందుకంటే ఆయన చేసే ఖర్చులు వాయిదాలు, ఫీజులు, పెట్రోలు వంటి పెద్ద మొత్తాలు, వాటిలో చాలావరకు ఖాతాలోంచి వాటంతట అవే పోతాయి. పుస్తకం తిరగేసిన ఎవరికైనా ఇంట్లో డబ్బంతా ఆమె చేతుల మీదుగానే కరిగిపోతోందని అనిపిస్తుంది. లెక్క రాయడం మంచి అలవాటే గానీ, పద్దుల సంఖ్యను చూసి ఖర్చు బరువును అంచనా వేసే ఇంట్లో అది తగువుకే దారి తీస్తుంది. అందుకే మళ్ళీ పుస్తకం మొదలుపెట్టమని నేను చెప్పలేదు. మూడు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తీసుకుని, పెద్ద పద్దుల వరకు ముగ్గురమూ కూర్చుని విడదీశాం.

రెండోది, సంవత్సరం సరుకు. మార్చిలో బేగంబజారు వెళ్ళి కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిరప, పసుపు, నాలుగు బస్తాల బియ్యం ఒకేసారి తెచ్చారు. మొత్తం 22 వేలు. వీధి చివరి కిరాణా ధరలతో పోలిస్తే రెండు వేల దాకా కలిసొచ్చిందని లెక్క వేసుకున్నారు, ఆ లెక్క నిజమే. కానీ ఆ 22 వేలూ కార్డు మీద తీసినవి. వాళ్ళ కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. అంటే ఈ సరుకు ఒక్కదాని మీదే నెలకు 900 పైచిలుకు పడుతోంది. కలిసొచ్చిన రెండు వేలు రెండున్నర నెలలు తిరక్కుండానే వడ్డీ కింద పోయాయి. ఆపైన జూలై చెమ్మకు పప్పుల్లో పురుగు పట్టి కొంత పారబోయాల్సి వచ్చింది. పప్పుకు ఆముదం పట్టించి, డబ్బాల్లో వేపాకు వేసి, ఎండలో పోస్తూ ఉంటే నిలుస్తుందని అత్తగారికి తెలుసు. అయితే ఆ పద్ధతికి డాబా, వాకిలి, ఎండ కావాలి. వీళ్ళ ఫ్లాటుకు ఉన్నదల్లా ఉత్తరం వైపు ఒక చిన్న బాల్కనీ.

మూడోది, బయటి తిండిపై పూర్తి నిషేధం. ఇది రెండు వారాలు కూడా నిలవలేదు. ఎందుకు నిలవలేదో తర్వాత చెబుతాను.

నాలుగోది, ఫ్యాన్ల మీద ఆంక్ష. గదిలోంచి బయటికి వస్తే ఫ్యాను కట్టాలన్నది సబబే. కానీ ఆంక్ష అంతటితో ఆగకుండా, పగలంతా ఇంట్లో ఉండే పెద్దావిడ మధ్యాహ్నం ఫ్యాను వేసుకోవడానికి సంకోచించేదాకా వెళ్ళింది. బిల్లు మాత్రం 20, 30 రూపాయలకు మించి తగ్గలేదు.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్వో యంత్రం వదిలే నీటిని బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నారు. అది చేయదగిన పనే, మానమని నేను చెప్పలేదు. కానీ జలమండలి 2021 నుంచి ఇస్తున్న నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరైనా, ఎండాకాలంలో వచ్చే ట్యాంకర్ల ఖర్చైనా, ఆ అపార్టుమెంటులో అన్ని ఫ్లాట్లకూ సమానంగా పంచుతారు. ఒక ఇల్లు ఎన్ని బకెట్లు ఆదా చేసినా ఆ ఇంటి మెయింటెనెన్సులో రూపాయి తగ్గదు. నగరానికి మేలు చేసే అలవాటునూ, ఇంటి అప్పు తీర్చే అలవాటునూ ఒకే పట్టికలో రాసుకుని, రెంటినీ చేస్తున్నాం కదా అని తృప్తి పడటం ఈ ఇంట్లో చాలాచోట్ల కనిపించింది.

మొదటి నిర్ణయం: ఏ పని ముందు

నేను ముందుగా చూసింది కార్డునే. బాకీ పూర్తిగా కట్టకుండా ముందుకు నెట్టుకుంటూ వెళ్ళేవారికి కొత్తగా చేసే కొనుగోళ్ళ మీద వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ విషయం భార్యాభర్తలిద్దరికీ తెలియదు. ఆ కార్డు మీద తీసుకున్న కొత్తిమీర కట్టకు కూడా వడ్డీ పడుతోందని చెప్పినప్పుడు, బేరమాడి మిగిల్చుకున్న ఐదు రూపాయలు ఎటు పోతున్నాయో వాళ్ళకు అర్థమైంది. 48 వేల మీద వడ్డీ, పన్ను కలిపి నెలకు దాదాపు రెండు వేలు.

కాబట్టి చేతికొచ్చిన ప్రతి రూపాయీ కార్డుకే వెళ్ళాలని అనిపించడం సహజం. దసరాకు భర్తకు ఆరు వేలు బోనసు వచ్చినప్పుడు ఆయన అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారణం కరెంటు బిల్లులో ఉంది.

వాళ్ళ వాడకం ఏసీ వేయని నెలల్లో 230 యూనిట్లు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం, వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉన్న ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే పెరిగిన యూనిట్లకే కాక మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున వేస్తారు, ఆపైన 300 దాకా 7.70. స్థిర చార్జీలు, కస్టమర్ చార్జీలు పక్కన పెడితే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201 యూనిట్లకు 1,027 పైన. ఆ ఒక్క యూనిటు ఖరీదు 200 రూపాయలన్నమాట.

ఇంట్లో ఇరవై ఏళ్ళనాటి ఫ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 75 వాట్లది, రోజుకు పదహారు గంటలు తిరుగుతున్నాయి. వాటి స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెడితే రెండింటి మీద నెలకు 43 యూనిట్లు తగ్గుతాయి. 230 కాస్తా 187 అవుతుంది. విద్యుత్ చార్జీ 1,251 నుంచి 758కి దిగుతుంది. ఆరు వేలు కార్డుకు కడితే నెలకు 248 రూపాయల వడ్డీ తప్పుతుంది, అదే ఆరు వేలు ఫ్యాన్లకు పెడితే 490 దాకా మిగులుతుంది. ఏసీ నడిచే వేసవిలో, వాడకం 340 దగ్గర ఉన్నప్పుడు కూడా 380 దాకా తగ్గుతుంది. అప్పు ఉండగా కొత్త వస్తువు కొనమని చెప్పడం నాకే ఎబ్బెట్టుగా అనిపించినా, లెక్క అటువైపే ఉంది. పైగా ఆ పెద్దావిడ ఇక ఫ్యాను వేసుకోవడానికి ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు.

వేసవి బిల్లు చూసి బెంబేలెత్తి, ఏసీ మీదే పొదుపంతా చూపించేవాళ్ళు చాలామంది. 200 గీత చుట్టూ తిరిగే ఇళ్ళలో మాత్రం వానాకాలం, చలికాలం నెలల్లో తగ్గించిన యూనిటే ఎక్కువ డబ్బు తెస్తుంది. అందువల్ల నెల మధ్యలో ఒకసారి మీటరు రీడింగు చూసుకోమన్నాను. ఆ పని పెద్దమ్మాయి తీసుకుంది.

రెండో నిర్ణయం: చిట్టీ

ఇది ఇరవై నెలల, లక్ష రూపాయల రిజిస్టర్డ్ చిట్టీ. అప్పటికి పన్నెండు వాయిదాలు కట్టారు. మధ్యలో ఆపేస్తే కట్టిన సొమ్ము వెంటనే చేతికి రాదు. వాళ్ళ స్థానంలో మరొకరు చేరేదాకానో, చిట్టీ ముగిసేదాకానో ఆగాల్సి ఉంటుంది, కోతలు కూడా ఉంటాయి. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 95 వేలు వస్తాయి. ఇప్పుడే పాటలో 12 వేలు తగ్గించి ఎత్తుకుంటే 88 వేలు. ఏడు నెలలు ఆగితే ఏడు వేలు ఎక్కువ వస్తాయి నిజమే, కానీ అదే ఏడు నెలల్లో కార్డు దాదాపు 14 వేలు తినేస్తుంది. కాబట్టి ఎత్తుకోమన్నాను. జామీను కాగితాలు కుదరడానికి కొంత సమయం పట్టింది. వచ్చిన దాంట్లోంచి కార్డు బాకీ మొత్తం కట్టి, మిగిలిన 40 వేలను తర్వాతి టర్ము ఫీజుల కోసం విడిగా పెట్టారు. లేకపోతే ఆ ఫీజు మళ్ళీ కార్డు మీదికే వెళ్ళేది.

సాయంత్రం ఏడు గంటలు

అసలు పని ఇక్కడ ఉంది, ఎక్కువ సమయం తీసుకున్నదీ ఇదే.

స్టేట్‌మెంట్లలో నెలకు ఆరు వేల దాకా తిండి ఆర్డర్లు, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే సరుకుల ఆర్డర్లు ఉన్నాయి. భర్త దీన్ని నాలుక చాపల్యం అన్నారు. ఆర్డర్ల సమయాలు రాసి చూస్తే మరో సంగతి బయటపడింది. ముప్పాతిక వంతు ఆర్డర్లు వారపు రోజుల్లో సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య పెట్టినవే. ట్యూషన్ పిల్లలు వెళ్ళేది ఏడింటికి. అప్పటికి ఇంట్లో కూర ఉండదు, కూరగాయలు ఉన్నా తరిగే ఓపిక ఉండదు, పిల్లలు ఆకలంటారు. ఒక టమాటా పొట్లం కోసం యాప్ తెరిస్తే, డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి మరో 150 రూపాయల వస్తువులు చేరతాయి. నిషేధం రెండు వారాల్లో ఎందుకు కూలిందో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఏడింటికి ఆకలి ఎలా తీరాలన్నదానికి నిషేధం దగ్గర జవాబు లేదు.

ఆమె ఇంకా త్వరగా లేచి వంట చేయాలన్న ప్రతిపాదన ఇంట్లోనే వచ్చింది. దాన్ని నేను ఒప్పుకోలేదు. ట్యూషన్లు ఆదాయం తెస్తున్నాయి. ఆమె అలసిపోయి ఒక బ్యాచ్ మానుకుంటే పోయేది, బయటి తిండి ఆపితే మిగిలేదానికి ఇంచుమించు సమానం. పొదుపు పేరుతో ఒకరి గంటలను ఉచితంగా తీసుకోవడం ఇళ్ళలో సర్వసాధారణం, ఆ గంటలకు పద్దు ఎవరూ రాయరు కాబట్టి అది పొదుపులాగే కనిపిస్తుంది. అందుకని పనిని సాయంత్రం నుంచి కదిలించి, నలుగురి మధ్య పంచడానికి ప్రయత్నించాం.

వారానికి రెండుసార్లు పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టడం, రెండు రాత్రులు దోసెలో ఊతప్పమో అని ముందే ఖాయం చేసుకోవడం మొదటి మార్పు. ఆదివారం అత్తగారి ఆధ్వర్యంలో కందిపొడి, నువ్వుల పొడి, పులిహోర గుజ్జు తయారవుతాయి. ఏమీ లేని రాత్రి వేడి అన్నంలో పొడి, నెయ్యి వేసుకుంటే పిల్లలు సణగలేదు. ఆవిడ మార్చిలో తెప్పించిన చింతపండు, మిరపకాయలు చెడకుండా అక్కరకొచ్చింది ఇక్కడే. మర్నాటి కూరగాయలు తరిగే పని రాత్రి భోజనాల తర్వాత భర్తది. మొదట్లో ఆయన బెండకాయలు వేలెడంత ముక్కలు తరిగేవారని ఫిర్యాదు వచ్చింది, దానికి నా దగ్గర సలహా లేదు.

కూరగాయలను రోజూ తెచ్చుకోవడం మాని, శనివారం ఉదయం రైతు బజారుకు మార్చాం. 1999 నుంచి నడుస్తున్న ఈ బజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరంతో పని లేదు. వారానికి సరిపడా ఒకేసారి తెస్తే కుళ్ళిపోతాయన్న భయానికి, ఏది ముందు వండాలో వరస రాసుకున్నారు. తోటకూర, పాలకూర, మెంతికూర మొదటి రెండు రోజులకు, బెండ, వంకాయ, బీర మధ్యలో, దోసకాయ, సొరకాయ, కంద, చామ వారం చివరికి. ఈ వరస ఫ్రిజ్ తలుపు మీద అంటించినప్పటి నుంచి పారబోసేది బాగా తగ్గింది. బజారుకు రానూపోనూ ఆర్టీసీ బస్సే. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు నుంచి ఉన్నా, ఆధార్ వెంట పెట్టుకునే అలవాటు లేక ఈ ఇంటి ఆడవాళ్ళు ఆటోలకే నెలకు పన్నెండు వందల పైన పెడుతున్నారు. నలుగురి పర్సుల్లోనూ ఎవరి ఆధార్ కార్డు వారికి పెట్టించడం ఈ కేసు మొత్తంలో అతి తక్కువ శ్రమతో జరిగిన పొదుపు.

ఇక డబ్బు నడిచే దారి. జీతం పడిన మర్నాడే అద్దె, చిట్టీ వాయిదా, ఫీజుల వంతు వాటంతట అవే వెళ్ళిపోయే ఏర్పాటు చేశాం. భార్య పేర రెండో ఖాతా తెరిచి, ప్రతి శనివారం అందులోకి నాలుగు వేలు వచ్చేలా పెట్టి, ఇద్దరి ఫోన్లలోని యూపీఐని ఆ ఖాతాకే ముడిపెట్టాం. అన్ని యాప్‌లలోంచి కార్డు వివరాలు తీసేయించాను. పాలు, కూరగాయలు, సరుకులు, బయటి తిండి అన్నీ ఆ నాలుగు వేలలోనే. పద్దులు రాసే పని లేదు, ఖాతాలో ఎంత ఉందో చూస్తే చాలు. ఎవరు ఖర్చు పెట్టారన్న వాదన కూడా దీనితో చాలావరకు సద్దుమణిగింది. నెలలో ఒక ఆదివారం బిర్యానీ తెప్పించుకోవడం మాత్రం ముందే లెక్కలో పెట్టాం. ఆ ఒక్కటి లేకపోతే మిగతాది నిలవదని పిల్లలే చెప్పారు.

అత్తగారి బీపీ, షుగరు మందుల విషయంలో, ఆమెను చూసే డాక్టరును అడిగి ఆయన సరేనన్న తర్వాతే జన ఔషధి దుకాణంలో దొరికేవాటికి మారారు. మందుల ఖర్చు నెలకు వెయ్యి దాకా తగ్గింది.

ఫలితం

వేసవి మొదలయ్యేనాటికి ఆర్డర్ల మీద మూడున్నర వేలు, సరుకులూ కూరగాయల మీద రెండు వేలు, కరెంటు, ఆటోలు, మందుల మీద కలిపి రెండున్నర వేలకు పైగా, కార్డు వడ్డీ రెండు వేలు మిగిలాయి. నెలకు నాలుగు వేలు తక్కువ పడుతున్న ఇంట్లో ఆరు వేల దాకా మిగులు కనిపించింది. ఆ మిగులులోంచి మూడు వేలు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు వెళుతున్నాయి. చిట్టీ వాయిదాలు అయిపోయాక ఆ ఐదు వేలను కూడా అటే మళ్ళించాలన్నది వాళ్ళ ఆలోచన.

అన్నీ కుదరలేదు. పిల్లల పరీక్షల నెలలో శనివారం బజారు రెండు వారాలు తప్పింది, ఆర్డర్లు మళ్ళీ పెరిగాయి. పెళ్ళిళ్ళ కాలంలో కట్నకానుకల ఖర్చు వారపు నాలుగు వేలలో ఇమడదు. దానికి విడిగా నెలనెలా వెయ్యి పక్కన పెట్టమన్నాను గానీ, ఎంత ఇవ్వాలన్నది బంధుత్వాలను బట్టి నడిచే వ్యవహారం కావడంతో భార్యాభర్తల మధ్య ఒప్పందం కుదరలేదు.

నేర్చుకున్నవి

ఈ కేసులో నిలిచిన మార్పులను, కూలిన వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టంగా ఉంది. ఫ్యాను కట్టడం, పద్దు రాయడం, ఆకలి వేసినప్పుడు యాప్ తెరవకుండా ఉండటం రోజూ కొత్తగా మనసు గట్టి చేసుకోవాల్సిన పనులు. ఫ్యాను మార్చడం, కార్డు వివరాలు తీసేయడం, శనివారం జమ ఒక్కసారి నిర్ణయిస్తే సరిపోయేవి. మొదటి రకం అలవాట్లు తప్పు కావు, కానీ అలసిపోయిన ఇంటి మీద వాటి బరువు వేస్తే ఎక్కువ రోజులు మోయలేరు. అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చేవారిని ఖర్చుల జాబితాకంటే ముందు కార్డు స్టేట్‌మెంటు, ఏడాది కరెంటు బిల్లులు తెమ్మంటున్నాను.

సంవత్సరం సరుకు విషయంలో అత్తగారికీ నాకూ రాజీ కుదిరింది. చింతపండు, ఎండుమిరప, పసుపు మార్చిలోనే, నగదుతోనే కొంటారు. పప్పులు రెండు నెలలకు మించి నిల్వ చేయరు. బియ్యం మాత్రం పాతవి ఒదుగుతాయని ఆవిడ పట్టుబట్టడంతో రెండు బస్తాలకు ఒప్పుకున్నాను, ఆ మాటలో నిజముంది కూడా.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రతి నెలా ఒకటో తేదీన జీతం పడే ఇల్లు కాబట్టి వారపు జమ సాధ్యమైంది. అడ్డా కూలీల ఇళ్ళలో, ఆటో నడిపేవారి ఇళ్ళలో రాబడి రోజువారీగా ఉంటుంది, పని దొరకని వారాలూ ఉంటాయి. అక్కడ వారానికి ఇంత అని ముందే విడదీయడం కుదరదు, రోజు రాబడిలోంచే తీసి పక్కన పెట్టే ఏర్పాటు కావాలి. ఆ ఇళ్ళలో చాలావాటికి రేషన్ కార్డు ఉంటుంది కాబట్టి కరెంటు లెక్క కూడా మారుతుంది. 200 గీత దాటిన నెలలో వాళ్ళు కోల్పోయేది మొత్తం ఉచిత బిల్లునే కావడంతో, మీటరు చూసుకోవడం అక్కడ మరింత ముఖ్యమవుతుంది.